కప్పకారు ఆయిల్ ముల్లు

నా చిన్నప్పుడు నేనొక కారుని చంపాలని చూశాను. నాకప్పుడు పదకొండేళ్ళు. మనిషిని ఏమీ చేయలేను కాబట్టి ఆ మనిషి ప్రాణంలా చూసుకునే కారుని ఎంచుకున్నాను. ఇప్పుడు అరవై దాటాక ఈ సంగతి చెబితే మనవరాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ ఎవరైనా ఆ మిల్లు ఆసామి ప్రస్తావన తెస్తే నా మొహం మారిపోతుందని మా ఇంట్లోవాళ్ళు అంటారు. మారుతుంది మరి, ఎందుకు మారదు?

మాది నరసరావుపేట. మా నాన్న పత్తి మిల్లు ఆసామి దగ్గర డ్రైవరు. రైతులు బళ్ళమీద తెచ్చిన పత్తిలో గింజ వేరుచేసి దూదిని బేళ్ళు కట్టే మిల్లు అది. ఆసామికి రెండు లారీలు, ఒక జీపు ఉండేవి. అవి చాలక, ఎవరో దొర అమ్ముకుని పోయిన విదేశీ కారొకటి మద్రాసు నుంచి తెప్పించుకున్నాడు. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు, ముదురాకుపచ్చ రంగు, నేలకి కరుచుకుపోయినట్టు ఉండేది. ఆసామి దాన్ని స్పోర్ట్స్ కారు అనేవాడు. మా వీధి పిల్లలం కప్పకారు అనేవాళ్ళం. తోలే సరదా ఆసామిది, తుడిచి, ఆయిల్ చూసి, గాలి పట్టించే పని మా నాన్నది.

ఆ కారులో స్టీరింగు వెనక చిన్న గడియారం లాంటి డయలు ఒకటి ఉండేది. ఇంజను లోపల ఆయిల్ ఎంత ఒత్తిడితో తిరుగుతోందో అందులోని ముల్లు చూపిస్తుంది. మా నాన్న నాకు దాన్ని గురించి ఎన్నోసార్లు చెప్పాడు. ముల్లు అరవై దగ్గర నిలబడితే ఇంజను క్షేమంగా ఉన్నట్టు, పది దగ్గరకి పడిపోతే ఇనుముకీ ఇనుముకీ మధ్య ఆయిల్ లేక ఇంజను తనను తానే కొరుక్కుతింటున్నట్టు. అన్నం తింటూ కూడా ఇలాంటి కబుర్లే చెప్పేవాడు. మా అమ్మ విసుక్కునేది. నేను వినేదాన్ని.

ఆ ఏడు పత్తి సీజను మొదలైన కొన్నాళ్ళకి ఆ ముల్లు పడిపోవటం మొదలుపెట్టింది. రోజూ పడితే అదొక దారి. రెండు రోజులు బాగానే ఉండేది, మూడో రోజు మంచి జోరులో ఉండగా కూలిపోయేది. కారు ఆపి, ఎవరికో ఒకరికి చూపిద్దామని మళ్ళీ స్టార్టు చేస్తే బుద్ధిమంతుడిలా అరవై దగ్గర నిలబడేది. ఆసామి గుంటూరు నుంచి పెద్ద మెకానిక్‌ని పిలిపించాడు. అతను ఆయిల్ మార్చాడు, డయలు మార్చాడు. వారం తిరక్కుండా ముల్లు మళ్ళీ పడింది. తన చేతకానితనం కప్పిపుచ్చుకోవటానికి అతనొక మాట అనేసి పోయాడు. ఇంజనులో మంచి ఆయిల్ ఎవరో దించుకుని, కాల్చిపారేసిన ఆయిల్ పోస్తున్నారని. అంత మాట అన్నాక ఆ ఎవరో ఎవరని వేరే చెప్పక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం నేను మా నాన్నకి క్యారేజీ పట్టుకుని మిల్లుకి వెళ్ళాను. సీజను నడిమధ్య. పత్తి తూచే కాటా దగ్గర నుంచి గేటు బయట రోడ్డు దాకా బళ్ళు బారులు తీరి ఉన్నాయి. బొల్లాపల్లి వైపు నుంచి, నాదెండ్ల నుంచి, కారంపూడి నుంచి కూడా రైతులు వచ్చారు. హమాలీలు, గుమాస్తాలు, దూది ఏరే ఆడవాళ్ళు, అందరూ ఉన్నారు. ఆ అందరి మధ్యన ఆసామి మా నాన్నని కాటా పక్కన నిలబెట్టాడు.

"ఈడు నా కారులో మంచి ఆయిల్ దించి అమ్ముకుంటన్నాడు. ఇట్టాంటి దొంగని ఇంట్లో పెట్టుకుని అన్నం పెడతన్నా" అన్నాడు. ఆసామిది పెద్ద గొంతు. గేటు బయట చివరి బండి దాకా వినపడింది.

మా నాన్న ఒక్కసారే, "నేను తియ్యలేదయ్యా" అన్నాడు. ఆసామి వినిపించుకోలేదు. ఖాకీ చొక్కా మిల్లుదని, విప్పి ఇచ్చి పొమ్మని అన్నాడు. మా నాన్న బొత్తాలు ఒక్కొక్కటే తీసుకుంటుంటే నేను క్యారేజీ పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాను. తర్వాత ఆయన చిరుగుల బనీనుతో బజారు వీధి గుండా ఇంటికి నడిచాడు. నేను వెనక నడిచాను. దుకాణాల వాళ్ళు చూస్తున్నారు. తల వంచుకున్న మా నాన్న మెడ వెనక ఎముక నాకు కనపడుతోంది. ఆ ఎముకని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఆయన పగటిపూట వీధిలోకి రావటం మానేశాడు. లారీ ఆఫీసులో అడిగితే చూద్దామన్నారు, బియ్యం మిల్లులో అడిగితే మనిషి ఉన్నాడన్నారు. అందరికీ ఆ మాట చేరిపోయింది. దొంగ అనిపించుకున్న డ్రైవరుకి బండి తాళం ఎవరిస్తారు? చివరికి మాచర్ల అవతల నాపరాళ్ళ క్వారీలో రాళ్ళు మోసే పనికి పోతానన్నాడు. ఇరవై ఏళ్ళు స్టీరింగు తప్ప బరువు పట్టని చేతులవి. మా అమ్మ ఏడ్చింది, తర్వాత మూట సర్దింది. వచ్చే సోమవారం ప్రయాణం.

నేను మూడు రోజులు బడి ఎగ్గొట్టి పగ తీర్చుకునే దారి వెతికాను. మొదట మిల్లుకి నిప్పు పెడదామనుకున్నాను. దూది కదా, ఒక్క అగ్గిపుల్ల చాలు. కానీ లోపల దూది ఏరే ఆడవాళ్ళలో మా వీధి వాళ్ళే సగం మంది ఉంటారు. ఆసామి తినే అన్నంలో ఏదన్నా కలుపుదామనుకున్నాను. వాళ్ళ వంటింట్లోకి నన్నెవరు రానిస్తారు? ఇలా ఒక్కొక్కటీ కొట్టివేసుకుంటూ పోతే చివరికి కప్పకారు మిగిలింది. ఇంజనుకి ఇసకని మించిన విషం లేదని నాకు చెప్పింది మా నాన్నే.

దేవుడు నా మొర ఆలకించినట్టు, ఆ కారే మా పక్కింటికి వచ్చింది. మా పక్కింట్లో ఒక మెకానిక్ ఉండేవాడు. మాకు చుట్టం కాదు, మతం కూడా వేరు, అయినా నేను మామ అనే పిలిచేదాన్ని. ఇంటి ముందు రేకుల షెడ్డులో లారీలు, ట్రాక్టర్లు బాగుచేసేవాడు. మా నాన్న, ఆయన రోజూ సాయంత్రం గోడకి చెరోవైపు నిలబడి టీ తాగేవాళ్ళు. ఆసామి ఆ ఆదివారం మాచర్ల దాకా ఎవరి కారు ముందు పోతుందోనని గుంటూరు పొగాకు వ్యాపారి ఒకాయనతో పందెం కట్టాడు. గుంటూరు మెకానిక్ మొహం చాటేశాడు. వేరే దారి లేక ఆసామి కప్పకారుని స్వయంగా తోలుకుని మామ షెడ్డులో పెట్టి, మా గుమ్మం వైపు చూడకుండా పోయాడు. మామ సరేనని తాళం తీసుకున్నాడు. ఆ క్షణాన మామ మీద నాకు వచ్చిన కోపం ఆసామి మీద కోపం కంటే తక్కువేమీ కాదు. రోజూ మా నాన్నతో టీ తాగే మనిషి ఆ కారుని ఎలా ముట్టుకుంటాడు?

అది శుక్రవారం. మామ మధ్యాహ్నం నమాజుకి వెళ్ళాడు. నేను పౌడరు డబ్బా నిండా సన్న ఇసక పోసుకుని షెడ్డులోకి దూరాను. బానెట్టు ఎత్తటం నాకు తెలుసు. ఆయిల్ పోసే మూతి మీద మూత కూడా తిప్పగలిగాను. డబ్బా వంచబోతుంటే వెనక చెప్పుల చప్పుడయింది. మామ నెత్తిమీద టోపీ తీసి జేబులో పెట్టుకుంటూ నా వైపే చూస్తున్నాడు.

ఆయన అరవలేదు, చెయ్యెత్తలేదు. డబ్బాలోకి తొంగిచూసి, "సన్నగా జల్లించావే" అన్నాడు. తర్వాత పక్కనున్న టైరు మీద కూర్చుని, "పోసెయ్. పోసినాక ఏమైద్దో మాత్రం ఇను. రేపో ఎల్లుండో ఇంజను చచ్చుద్ది. యాడికి తీసకపోయినా విప్పుతారు. విప్పితే ఇసకొచ్చుద్ది. అప్పుడు మిల్లాయన మీ నాయన్ని అన్న మాట నిజమే అయిద్ది. ఆయన నోటితో అన్నదాన్ని నువ్వు చేత్తో నిజం చేసినట్టు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. పగ తీర్చుకోవటానికి కూడా దారి లేకుండా చేశాడని మామని తిట్టాను. ఆయన తిట్టించుకున్నాడు. నేను అలిసిపోయాక ఒక బేరం పెట్టాడు. జబ్బేందో ముందు చూద్దాం, తప్పు మీ నాన్నదని తేలితే ఆ ఇసక నా షెడ్డులోనే, నా కళ్ళముందే ఇంజనులో పోసెయ్, తప్పు ఆయనది కాదని తేలితే మాత్రం ఇసక కంటే గట్టి దెబ్బ నీకు చూపిస్తా అన్నాడు. ఆ చివరి మాట కోసం నేను ఒప్పుకున్నాను. డబ్బా మాత్రం ఆయన చేతికివ్వలేదు.

మామ పనిచేసే తీరు నాకు ఆ రోజే తెలిసింది. ముందుగా తన దగ్గరున్న పాత డయలు ఒకటి తెచ్చి, ఇంజనుకి కారు డయలుతో పాటు అదీ బిగించాడు. ముల్లు పడితే రెండూ పడాలి. ఒకటే పడితే జబ్బు డయలుది, రెండూ పడితే జబ్బు ఇంజనుది. తర్వాత నన్ను పక్కసీట్లో కూర్చోమన్నాడు. తోలేవాడు రోడ్డు చూడాలి, ముళ్ళని చూడటానికి ఇంకొకరు కావాలి. ఆసామి భార్య తప్ప ఎవరూ కూర్చోని సీటది. దుమ్ము కాళ్ళతో ఎక్కి, కావాలనే ఆ కాళ్ళు సీటు మీద పెట్టుకుని కూర్చున్నాను. లెక్కల నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, దారిలో మైలురాయి వచ్చినప్పుడల్లా ముల్లు ఎంత చూపిస్తుందో రాసుకుంటూ వెళ్ళాను.

కోటప్పకొండ రోడ్డు పట్టాం. మొదటి రాయి దగ్గర అరవై. రెండు, మూడు, నాలుగు, అరవయ్యే. ఆ తర్వాత మామ జోరు పెంచాడు. గాలికి నా జడలు రెండూ వెనక్కి లేచాయి. ఒక్క నిమిషం నా పగ కూడా మర్చిపోయానని ఒప్పుకుంటున్నాను. ఏడో రాయి దాటగానే ముల్లు వణికింది. నలభైకి దిగింది, ఇరవైకి దిగింది, పది దగ్గర పడుకుంది. పాత డయలు ముల్లు కూడా దాంతోపాటే పడింది. నేను "పది" అని అరిచాను. మామ వెంటనే ఇంజను ఆపేసి, కారుని అలాగే దొర్లించి చెట్టు కింద నిలిపాడు.

ఆయన బీడీ వెలిగించాడు. ఇంజను మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కేంత వేడి. బీడీ అయిపోగానే మళ్ళీ స్టార్టు చేశాడు. అరవై. ముల్లు ఏమీ ఎరగనట్టు నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు రెండుసార్లు జోరు పెంచి చూశాం. రెండుసార్లూ కూలింది. రెండుసార్లూ ఆపి, బీడీ కాలినంత సేపు ఆగితే లేచింది. నా నోటుబుక్కులో ఆ అంకెలు ఒకదాని కింద ఒకటి పడ్డాయి. మామ వాటిని చాలాసేపు చూశాడు.

"కాల్చిన ఆయిల్ పల్చగా ఉండుద్ది. ఇంజను కాగినప్పుడు ముల్లు పడుద్ది, చల్లారేదాకా లేవదు. ఇది ఇంజను నిప్పులా ఉండగానే లేచింది గదా. అంటే ఆయిల్‌కి ఏ రోగం లేదు" అన్నాడు. అంటే ఏమిటో నాకు అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆ అంకెలన్నీ మళ్ళీ మొదటి నుంచి చదివాను. మా నాన్న దొంగ కాదని మా ఇంట్లో మాకందరికీ తెలుసు. కానీ అది మా నాన్న కాబట్టి తెలుసు. ఇప్పుడు అది లెక్కలో తేలింది.

మామ నన్నడిగాడు, ఆపితే లేచేదీ, జోరుగా లాగితే పడేదీ ఇంకేదన్నా చూశావా అని. చూశాను. మా అమ్మ వాళ్ళ ఊళ్ళో మా తాతయ్యకి బావి మీద ఆయిల్ ఇంజను ఉండేది. నీళ్ళలో మునిగిన పైపు అడుగున జల్లెడ ఉంటుంది. ఆకు వచ్చి ఆ జల్లెడకి అతుక్కుంటే నీళ్ళు సన్నగిల్లిపోతాయి. తాతయ్య ఇంజను ఆపి కాసేపు కూర్చుంటాడు. లాగే బలం లేక ఆకు దానంతటదే రాలి అడుక్కి పోతుంది. మళ్ళీ ఇంజను తిప్పితే నీళ్ళు దబదబా పడతాయి. నేను ఇది చెప్పగానే మామ నా నెత్తిమీద చెయ్యి పెట్టి, కారు ఇంజను అడుగున కూడా ఆయిల్ నిలిచే రేకు తొట్టి ఒకటి ఉంటుందని, దాన్ని చాంబర్ అంటారని, అందులో కూడా అలాంటి జల్లెడే ఉంటుందని చెప్పాడు. గుంటూరాయన కింద బోల్టు తీసి ఆయిల్ వదిలేశాడే తప్ప ఆ చాంబర్ని విప్పనే లేదు.

ఇంటికి వచ్చాక మామ గోడ దగ్గర నిలబడి మా నాన్నని ఒక్క ప్రశ్న అడిగాడు. సీజను మొదలయ్యాక, ముల్లు పడటం మొదలవ్వకముందు ఆయిల్ మూత తీసింది ఎవరెవరని. మా నాన్న ఆలోచించి చెప్పాడు. తను కాక తీసింది ఆసామి ఒక్కడే. సీజను మొదటిరోజు మిల్లులో పూజ చేస్తారు. ఆ ఏటి తొలి పత్తి పిడికెడు తీసి, పసుపు దారం చుట్టి ముడివేసి, కాటాకి, మిషన్లకి, బళ్ళకి తలా ఒకటి పెడతారు. ఆ రోజు ఆసామి వచ్చినవాళ్ళకి గొప్పగా కారు ఇంజను చూపిస్తూ మూత తీశాడట. మా నాన్న అప్పుడు కొబ్బరికాయల కోసం బజారుకి వెళ్ళి ఉన్నాడు. మామ ఇంకేమీ అడగలేదు. సోమవారం ప్రయాణం కొంచెం ఆపుకో అని మాత్రం అన్నాడు.

ఇప్పుడే విప్పెయ్యమని నేను మామ వెంటపడ్డాను. "ఇక్కడ విప్పితే చూసేదెవరు? ఆయన ఆ మాట యాడ అన్నాడు? కాటా కాడ. ఇప్పేది కూడా ఆడనే" అన్నాడు. ఇసక కంటే గట్టి దెబ్బ ఎలా ఉంటుందో నాకు అప్పుడు కొంచెం తెలిసింది. ఇసక డబ్బా తీసుకెళ్ళి మా పెరట్లో పారబోశాను.

మర్నాడు శనివారం. కారు పైకెత్తటానికి చైన్ పుల్లీ కావాలని, అది మిల్లులో ఉందని ఆసామికి చెప్పి మామ కారుని మిల్లుకి తోలాడు. బేళ్ళు ఎత్తే పుల్లీ అక్కడ ఉన్నమాట నిజమే. అది సరిగ్గా కాటా పక్కన ఉన్నమాట కూడా నిజమే. పానాల పెట్టె తెచ్చిపెట్టమన్న వంకతో మా నాన్నని కూడా రప్పించాడు. ఆయన ఎవరిదో అరువు చొక్కా తొడుక్కుని వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. బళ్ళు ఆ రోజు కూడా రోడ్డు దాకా ఉన్నాయి.

కప్పకారు ముందు భాగం గాల్లోకి లేచింది. మామ ముందుగా ఆయిల్‌ని శుభ్రమైన తెల్ల గిన్నెలోకి వదిలి, బళ్ళ దగ్గరకి తీసుకెళ్ళి రైతులకి చూపించాడు. బావి ఇంజన్లు తిప్పేవాళ్ళకి ఆయిల్ సంగతి ఒకరు చెప్పాలా? వేలితో రాసి, వాసన చూసి, మంచిదేనని ఒకరి తర్వాత ఒకరు అన్నారు. ఆసామికి ఇదంతా ఎందుకో అర్థం కాలేదు, త్వరగా కానివ్వమన్నాడు. మామ చాంబర్ బోల్టులన్నీ తీసి రెండు మాత్రం ఉంచాడు.

"మీ కారు. ఈ రెండూ మీ చేత్తో తియ్యండయ్యా. రేపు నేనేదో పెట్టి తీశానని ఎవురూ అనగూడదు" అన్నాడు.

పందెం రేపే. ఆసామి పంచె ఎగ్గట్టి గోనెసంచి మీద పడుకుని ఆ రెండు బోల్టులూ తీశాడు. చాంబర్ కిందికి దిగింది. పైన పైపు చివర జల్లెడకి నల్లగా, పిడికెడంత ముద్ద ఒకటి అతుక్కుని ఉంది. ఆసామి దాన్ని లాగాడు. లాగి, పైకి లేచి, వెలుతురులో పెట్టి చూశాడు. మామ దాన్ని పెట్రోలులో ముంచి పిండి మళ్ళీ ఆయన చేతికే ఇచ్చాడు. దూది. దాని చుట్టూ రంగు పోయిన దారం, దారానికి ముడి.

దూది ఏరే ఆడవాళ్ళలో ఒక ముసలమ్మ నాలుగడుగులు ముందుకొచ్చి, కళ్ళు చిట్లించి చూసింది. "పూజనాడు కర్పూరం మసి పడుద్దని తమరు ఆయిల్ పోసే బొక్కలో కుక్కిన తొలి పత్తి గాదా అయ్యా అది? ముడి నేనే ఏసిచ్చా" అంది. ఆమె వెక్కిరించలేదు. గుర్తొచ్చింది కాబట్టి చెప్పింది. వెనక బళ్ళ దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వు బండి నుంచి బండికి పాకింది. ఆసామి చెవులు ఎర్రబడటం నేను చూశాను, కడుపు నిండా చూశాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నా పెళ్ళిలో కూడా నేను అంత సంతోషపడలేదు.

ఆసామి ఆ ముద్దని విసిరికొట్టి, దొరికింది కదా, ఇక బిగించమన్నాడు. మామ చేతులు తుడుచుకుని వెళ్ళి దూది బేలు మీద కూర్చున్నాడు. ఆసామికి అర్థమయింది. డ్రైవరుని రేపట్నుంచి డ్యూటీకి రమ్మని చెప్పమన్నాడు. మామ కదల్లేదు. నువ్వు కాకపోతే ఇంకొకడు బిగిస్తాడని ఆసామి బెదిరించాడు.

"పిలిపించుకోండి. నేను కాదనను" అన్నాడు మామ నెమ్మదిగా. "నేను బిగించాలంటే మాత్రం, ఆ రోజు ఇక్కడ అన్న మాటని ఇక్కడే వెనక్కి తీసుకోండి. గదిలోకి పిలిచి చెప్పటం, గుమాస్తాతో కబురు పెట్టటం కుదరదు."

మామకి భయం లేదనుకోకండి. ఆ మిల్లు లారీలు ఆయన షెడ్డుకి రాకపోతే ఆయన ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా లేవలేదు. ఆసామి విప్పేసిన కారు వైపు చూశాడు, బళ్ళ వైపు చూశాడు, గేటు వైపు చూశాడు. గేటు బయట మా నాన్న నేల చూస్తూ నిలబడ్డాడు.

"మా డ్రైవరు దొంగతనం చెయ్యలా. నేనే పొరపాటు పడ్డా" అన్నాడు ఆసామి. నోట్లో నోట్లోనే అన్నాడు. కాటా దగ్గరున్న నలుగురికి వినపడి ఉంటుంది.

మామ లేవబోయాడు. నాలోపల ఏదో ఒప్పుకోలేదు. దొంగ అన్నప్పుడు ఆ గొంతు రోడ్డు దాకా పోయింది. నేను ఆసామికి ఎదురుగా వెళ్ళి నిలబడి, "ఎనకాల బళ్ళోళ్ళకి వినపళ్ళా" అన్నాను.

అంత పెద్ద మనిషి నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. నేను చూపు దించలేదు. మామ మళ్ళీ బేలు మీద కూర్చున్నాడు. ఆసామి ఊపిరి తీసుకుని, తన మామూలు గొంతుతో, అక్షరం మింగకుండా ఆ మాటే రెండోసారి అన్నాడు. గేటు బయట మా నాన్న తలెత్తాడు.

తర్వాత మామ పనికి కూర్చున్నాడు. జల్లెడని మూడుసార్లు కడిగాడు, లోపల ఒక్క పోగు కూడా మిగలకుండా గుడ్డతో కాక వేళ్ళతో తడిమి చూశాడు. అతుకు దగ్గర ఆయిల్ కారకుండా కొత్త గ్యాస్కెట్టు కోసి, బోల్టులన్నీ ఒక వరసలో కొంచెం కొంచెంగా బిగించాడు. ఆసామి కారుకి ఇంత శ్రద్ధ దేనికని నేను గొణిగాను. "ఇంజను మీ నాయన్నేమన్నా అన్నదా?" అన్నాడు ఆయన తలెత్తకుండా.

నేనూ మా నాన్నా బజారు వీధి గుండానే ఇంటికి వచ్చాం. వెనక సందులో పోదామని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. మాకంటే ముందే కబురు బజారు చేరిపోయింది. సోడా కొట్టాయన పిలిచి మా నాన్నకి సోడా ఇచ్చాడు. కొంత దూరం నడిచాక మా నాన్న, "పెద్దాయన్ని అట్టా అడక్కూడదమ్మా" అన్నాడు. ఇంకో పది అడుగులు వేశాక ఆయన పెదవులు కదిలాయి. "రెండోసారి మాత్రం గట్టిగానే అన్నాడు" అన్నాడు, నవ్వాడు. ఆ నెలలో ఆయన నవ్వటం అదే మొదలు.

మా నాన్న మళ్ళీ ఆ మిల్లు గడప తొక్కలేదు. ఆసామి రెండుసార్లు కబురు పెట్టినా పోలేదు. కారంపూడి లారీ ఆయన ఒకరు పిలిచి తాళం చేతిలో పెట్టారు. కళ్ళు మసకబారేదాకా ఆయన బండి మీదే ఉన్నాడు. ఆదివారం పందెంలో ఆసామి గెలిచాడట. ఆ మాట విన్నప్పుడు నాకు కడుపు మండుతుందని ఎదురుచూశాను. మండలేదు. ఎందుకు మండలేదో అప్పుడు తెలియలేదు.

నేను తర్వాత చదువుకుని పంచాయతీ ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పదిమందిలో ఒక అటెండరుని మాట అనేసి, తప్పు తెలిశాక గదిలోకి పిలిచి, టీ ఇప్పించి సర్దుకుపొమ్మనే ఆఫీసర్లని చాలామందిని చూశాను. నేనున్న సీట్లో అది సాగనివ్వలేదు. వరండాలో అన్న మాటని వరండాలోనే వెనక్కి తీసుకోమనేదాన్ని. మొండిదన్నారు, కక్ష మనిషన్నారు. అవును, కక్ష మనిషినే. ఆఫీసరు కాలు ఎప్పుడు జారుతుందా అని చూసే కక్ష కాదు నాది. లెక్క తేల్చి, అందరి ముందూ విప్పి, చెప్పించుకుని, అక్కడితో ఆపేసే కక్ష. మామ నాకు నేర్పింది అదే.

ఆసామి ముసలితనంలో పోయినప్పుడు ఊరంతా చూడటానికి వెళ్ళింది. నేను వెళ్ళలేదు. ఆయన్ని నేను క్షమించలేదు, క్షమించానని ఎవరి కోసమూ అబద్ధం చెప్పను. కానీ ఆయన పోయాడని విన్నప్పుడు నాకు సంతోషం కూడా కలగలేదు. ఆయన చెడిపోవాలన్న కోరిక నాలో పదకొండేళ్ళ వయసుకే తీరిపోయింది. ఆ పూట కందిపప్పు పొయ్యిమీద ఉంది. అడుగంటకుండా కలుపుకుని, పిల్లలకి అన్నం పెట్టాను.